గోపురం దర్శనానికి 25 సెకన్లు

“బాబూ, నీ గోపురం దర్శనానికి రోజూ టికెట్టు కొంటున్నానయ్యా. కాస్త సర్వదర్శనం లైను కూడా పెట్టించు.”

1993 చలికాలంలో నాకొచ్చిన ఉత్తరం ఇది. ఉత్తరమంటే కాగితం కాదు, కంప్యూటరుతో ఫోను చేసి చేరుకునే మా బోర్డు (బీబీఎస్) మీద పడిన మెసేజీ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. రాసినాయన ఓక్లహామాలో ఓ చిన్న ఊళ్ళో కళ్ళ డాక్టరు. నేను డాలస్ పక్కన ఎమ్మెస్ చదువుకుంటున్న కుర్రాణ్ణి. ఆయన్ని అప్పటికి చూడలేదు, తర్వాతా చూడలేదు. కానీ ఆ రెండు వాక్యాలూ చదివిన రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ గోపురం నేను రెండు రాత్రులు కూర్చుని గీసింది.

గీయడమంటే కుంచెతో కాదు. ‘ద డ్రా’ అని ఒక ప్రోగ్రాం ఉండేది. 80 గళ్ళ వెడల్పు తెర మీద ఒక్కో గడిలో ఒక్కో దిమ్మ అక్షరం పెట్టుకుంటూ, దానికో రంగు తగిలించుకుంటూ పోవాలి. మొత్తం 16 రంగులు. పైన పసుపుపచ్చ కలశాలు, కింద ఒక్కో అంతస్తూ మట్టిరంగు, నీడకి ముదురు ఎరుపు, అడుగున నల్లటి గుమ్మం, గుమ్మంలో ఒక్క తెల్ల చుక్క, దీపం అన్నమాట. మా బోర్డులోకి ఎవరు వచ్చినా ముందు ఈ గోపురం కనబడేది. దేశం కాని దేశంలో, టెక్సస్‌లో ఓ అమెరికన్ గరాజులో, మన గుడి! ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ బొమ్మ ఫైలు 6 వేల అక్షరాలు. డాక్టరుగారి మోడెమ్ (కంప్యూటరుని ఫోను లైనుకి కలిపే పెట్టె) వేగం సెకనుకి 2400 బిట్లు. అంటే సెకనుకి 240 అక్షరాలు. భాగించుకోండి, 25 సెకన్లు. ఆయన చేసేది పక్క రాష్ట్రం నుంచి లాంగ్ డిస్టెన్స్ కాలు. రాత్రి 11 దాటితే రేటు తగ్గుతుందని ఆ టైముకి చేసేవాడు, అయినా మీటరు మీటరే. గుడి బయట నిలబడి గోపురం చూసినందుకు రోజూ అర్ధనిమిషం బిల్లు.

బీబీఎస్, అంటే బులెటిన్ బోర్డు సిస్టమ్, ఏమిటో ఇప్పటి పిల్లలకి కాస్త చెప్పాలి. ఒకాయన ఇంట్లో ఒక కంప్యూటరు, దానికో మోడెమ్, ఓ ఫోను లైను. మన కంప్యూటరు ఆ నంబరుకి ఫోను కొడుతుంది, అవతలి మోడెమ్ ఎత్తుతుంది, రెండూ కీచుకీచుమని పలకరించుకున్నాక తెర మీద అక్షరాలు రావడం మొదలవుతుంది. లైను ఒకటే అయితే లోపల చోటు ఒక్కడికే. మిగతా ఊరంతా ఎంగేజ్ టోన్ వింటూ కూర్చోవాలి. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అని ఇద్దరు 1978 జనవరి మంచు తుపానుకి ఇళ్ళలో ఇరుక్కుపోయి మొదలుపెట్టి, ఫిబ్రవరి 16 నాటికి లైనెక్కించిన ముచ్చట ఇది. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ మొదలెట్టాక, ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్న ఈ ఒంటి బోర్డులు రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్లు చేసుకుని ఉత్తరాలు మార్చుకోవడం మొదలైంది. అందరూ ఒకే చర్చలో పాల్గొనే ఎకోమెయిల్ అయితే అచ్చంగా మా డాలస్ సరుకు. జెఫ్ రష్ అనే ఇక్కడి బోర్డు యజమానే దాన్ని కట్టాడు. ఫిడోనెట్‌లో మా డాలస్ నెట్ నంబరు 124. పాత ఊళ్ళో పిన్‌కోడులా అది నాకు ఇంకా నోట్లోనే ఉంది.

సిసాప్ అంటే బోర్డు యజమాని. మా సిసాప్ పోస్టాఫీసులో రిటైరయిన అరవయ్యేళ్ళ అమెరికన్. ఆయన్ని పెద్దాయన అనే అంటాను ఇక్కడ. గరాజులో ఒక మూల 386 కంప్యూటరు, రెండు లైన్లు, ఎండాకాలం ఓ టేబుల్ ఫ్యాను. కారు ఎప్పుడూ బయట ఎండలోనే ఉండేది. మెనూలు రాసిపెట్టడానికి ఎవరైనా కుర్రాళ్ళున్నారా అని బోర్డు మీద అడిగితే నేను చెయ్యెత్తాను. జీతం లేదు గానీ మామూలు మెంబర్లకి రోజుకి 45 నిమిషాలే టైముంటే, నాకు లెక్కలేకుండా ఇచ్చాడు. నా రూమ్మేట్ల పాలిట అదే శాపమయ్యింది. ఆదివారం పొద్దున్న ఇండియా నుంచి అమ్మ ఫోను వస్తుందని ఎదురుచూసేవాడు ఒకడు, నేను లైను పట్టుకుని కూర్చుంటే వంటింట్లో ఎక్స్‌టెన్షన్ ఎత్తి “ఒరేయ్, ఇక చాలు, పెట్టరా” అని అరిచేవాడు. ఆ అరుపు నా తెర మీద పిచ్చిగుర్తుల వరసగా పడేది. మోడెమ్‌కి తెలుగు తిట్లు అలా వినబడేవన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. గరాజులో ఉన్న ఆ కంప్యూటరు తెర మీద, ఫోను చేసినవాడికి ఏం కనబడుతోందో అదంతా సిసాప్‌కీ కనబడేది. వాడు కొట్టే ఒక్కో అక్షరం, దిద్దుకున్న ఒక్కో తప్పు. చూస్తున్నామని లాగిన్‌లోనే రాసిపెట్టాడు పెద్దాయన, దొంగచూపు కాదు. సాయంత్రం ఓ కాఫీ కప్పు పెట్టుకుని ఫ్యాను కింద కూర్చుని, సినిమా చూసినట్టు జనం మెనూల్లో తడుముకోవడం చూసేవాడు. పక్కన ఒక రూళ్ళ నోట్‌బుక్. ఎక్కడ కర్సరు ఊరికే మెరుస్తూ ఆగిపోయిందో అక్కడ మనసులో ఒకట్లు లెక్కపెట్టుకుని రాసుకునేవాడు. “మెసేజీ ఏరియా మార్చే చోట, 14.” “అప్‌లోడ్ దగ్గర, 31, ఫోను పెట్టేశాడు.” ఇప్పుడు పెద్ద కంపెనీల్లో యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అని డిపార్టుమెంట్లున్నాయి, నేనూ ఒకదాంట్లో కొన్నేళ్ళు పనిచేశాను. అద్దాల గది అవతల మనిషిని కూర్చోబెట్టి చూస్తారు. ఆ నోట్‌బుక్ కంటే పనికొచ్చే కాగితం నాకు అక్కడ దొరకలేదు.

మొదటి పేజీలోనే ఒక వింత బయటపడింది. వెళ్ళిపోదామనుకున్న కొత్తవాళ్ళందరూ ‘క్యూ’ నొక్కుతున్నారు, క్విట్ అనుకుని. మా మెనూలో ‘క్యూ’ అంటే మెసేజీల మూట కట్టే పని. వెళ్ళడానికి ‘జి’, గుడ్‌బై. పాపం వెళ్ళిపోతానన్నవాణ్ణి పట్టుకుని మేం ఏ ఏరియాలు కావాలి, ఏ ఫార్మాట్ కావాలి అని ప్రశ్నలు అడుగుతున్నాం. విసిగి మోడెమ్ ఆపేసేవారు. మెనూలో చక్కగా రాసే ఉందిగా అన్నాను నేను. పెద్దాయన ఏమీ అనకుండా నోట్‌బుక్కు తిప్పి చూపించాడు. వారంలో 22 మంది. ఆ సాయంత్రమే ‘క్యూ’ కొట్టినా బయటికి పంపేలా మార్చాను.

రెండోది, తెర నిండినప్పుడు ఆగే చోటు. “ఇంకా?” అని అడిగి పక్కన బ్రాకెట్లలో వై, ఎన్, ఒక సమానం గుర్తు చూపించేది ప్రోగ్రాం. ఆ సమానం గుర్తుకి అర్థం ‘ఆపకుండా పంపించు’ అని. అది తెలిసినవాళ్ళు డాలస్ మొత్తం మీద మేమిద్దరమే అయ్యుంటాం. దాన్ని తీసేసి “ఎంటర్ కొడితే తర్వాతి పేజీ, ఎస్ కొడితే ఆపేస్తాం, సి కొడితే ఆపకుండా చివరిదాకా” అని మాటల్లో రాశాం. కాస్త పొడుగైంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఇంకోటి తపాలా ముద్రల గొడవ. ఎకోమెయిల్‌లో ఒక ఉత్తరం ఊరూరా తిరుగుతుంది కదా, ఏయే బోర్డులు చూశాయో ఆ నంబర్లన్నీ దాని అడుగున చేరతాయి, చూసినవాళ్ళకే మళ్ళీ పంపకుండా. సీన్-బై లైన్లంటారు. ఇవి యంత్రాలకి కావాలి, మనుషులకి అక్కర్లేదు. మా బోర్డులో మాత్రం అవి మనుషులకీ కనబడేవి. “థాంక్స్” అన్న ఒక్క మాట కింద ఏడెనిమిది లైన్ల నంబర్లు. ఈ విషయంలో పెద్దాయనకి నాకంటే కోపం. ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి, అడ్రసు మీద ముద్ర పడకూడదని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పిన మనిషి. సెట్టింగుల్లో అదొక్క ‘నో’ పెడితే పోయేది. ఆ ‘నో’ ఎక్కడుందో వెతకడానికి మాకు మూడు వారాలు పట్టింది.

నేను చేసినవన్నీ బాగుపడ్డాయనుకోకండి. హాట్‌కీలని పెట్టాను. అక్షరం నొక్కగానే, ఎంటర్ కొట్టకుండానే పని జరిగిపోతుంది. నా ఫోను లైను బాగుండేది కాబట్టి నాకు అద్భుతంగా పనిచేసింది. వానాకాలంలో తీగల మీద గరగర ఉన్నవాళ్ళకి మాత్రం నరకం. లైనులో చప్పుడు మోడెమ్‌కి అక్షరంగా వినబడుతుంది. ఆ అక్షరం ‘జి’ అయితే? చదువుతూ చదువుతూ ఉండగానే “మళ్ళీ రండి” అని దణ్ణం పెట్టి పంపించేసేది బోర్డు. ముప్పావుగంట ఎంగేజ్ టోన్ విని లోపలికొచ్చిన మనిషిని! నాలుగు రోజుల్లో తిట్లు ఫిడోనెట్ దాకా పాకాయి. హాట్‌కీ ఎవరికి కావాలంటే వాళ్ళే పెట్టుకునేలా మార్చాను, వెళ్ళిపోవడానికి మాత్రం ఎవరైనా సరే ఎంటర్ కొట్టి తీరాలి.

మెనూల చుట్టూ నేను గీసిన రెండు వరసల డబ్బాలు కూడా అలాగే పోయాయి. చూపులేని ఒకాయన మాట్లాడే యంత్రం పెట్టుకుని మా బోర్డు చదివేవాడు. ఆయన మర్యాదగా ఒక మెసేజీ పెట్టాడు. మీ మెనూ నాకు చేరేలోపు నా యంత్రం “గీత, గీత, గీత” అని 80 సార్లు అంటోంది అని.

నా పేరు కథ కూడా చెప్పాలి. తాతగారి పేరూ దేవుడి పేరూ ఏదీ వదలకుండా మావాళ్ళు నాకు వెంకట సత్య సూర్యనారాయణ అని పెట్టారు. ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 27 అక్షరాలు, ఇంటిపేరు ఇంకా మొదలవ్వనే లేదు. మెసేజీల మూటల ఫార్మాట్ క్యూడబ్ల్యూకే అని, మార్క్ హెరింగ్ 1987లో చేసింది. అందులో పేరుకి కేటాయించింది 25 అక్షరాలు. సబ్జెక్టుకీ అంతే. జాన్‌లకీ బాబ్‌లకీ అది మైదానం. నేను మాత్రం “సూర్యనారాయ” దగ్గర తెగిపోయేవాణ్ణి. తెగిన పేరుతో జవాబు రాస్తే బోర్డు ఈ మనిషెవరో నాకు తెలియదనేది. నాకొచ్చిన ఉత్తరాలు ‘మీకు వచ్చినవి’ లోకి చేరకుండా ఊరుమ్మడి కుప్పలో పడుండేవి. నెల రోజులు ఎవడూ నాకు జవాబివ్వట్లేదని బాధపడి, చివరికి ‘సూర్య’ అని కొత్త అకౌంటు తెరుచుకున్నాను. అమెరికాలో చాలామంది మనవాళ్ళు పేరు కత్తిరించుకున్నది ఆఫీసులో తెల్లవాళ్ళకి నోరు తిరగక. నేను కత్తిరించుకున్నది ఒక ఫైలు ఫార్మాట్ కోసం.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వస్తాను. ఆయనకి మా బోర్డుతో పనేమిటంటే, తెలుగు. అప్పటికి యూజ్‌నెట్ అనే చర్చా గుంపుల నెట్‌వర్కులో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపు జోరుమీదుంది. అందరం ‘స్కిట్’ అనేవాళ్ళం. యూనివర్సిటీల్లోనో కంప్యూటరు కంపెనీల్లోనో ఉన్నవాళ్ళకే అది అందేది. పల్లెటూరి డాక్టరుకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని నేను రెండు రోజులకోసారి యూనివర్సిటీ ల్యాబులో స్కిట్ పోస్టులన్నీ ఫ్లాపీలోకి ఎక్కించి, సైకిలేసుకుని గరాజుకి మోసి, బోర్డులో తెలుగు ఏరియాలో పోసేవాణ్ణి. ఆయన జవాబులు రాస్తే అవి మళ్ళీ ఫ్లాపీలో ల్యాబుకి. ఫిడోనెట్ మోడెమ్ మీద నడిస్తే, మా తెలుగు నెట్ సైకిలు మీద నడిచింది.

వంద పోస్టులు, ఒక్కోటి 2 వేల అక్షరాలనుకుంటే 2 లక్షల అక్షరాలు. 2400 మోడెమ్‌లో ఆగకుండా పారినా 14 నిమిషాలు. మనిషి ఆగి చదువుతాడు, పద్యం వస్తే రెండోసారి చదువుతాడు, జవాబు రాస్తూ పదం కోసం తడుముకుంటాడు. డాక్టరుగారి ఒక్కో కాలు ముప్పావుగంట నడిచేది. ఆయనకి మూట అలవాటు చెయ్యాలనుకున్నాం. మూటంటే, కొత్త మెసేజీలన్నీ బోర్డే జిప్ చేసి ఒకేసారి పంపేస్తుంది, ఫోను పెట్టేసి ఇంట్లో తీరిగ్గా చదువుకోవచ్చు, జవాబులు కూడా అక్కడే రాసుకుని మర్నాడు ఒకేసారి ఎక్కించవచ్చు. బ్లూవేవ్ అని మంచి రీడరుండేది. ఆ 2 లక్షలూ జిప్‌లో 80 వేలకి దిగుతాయి, ఆరు నిమిషాల్లోపు పని.

చెప్పడం తేలిక. మొదటిసారి ఆయన ప్రయత్నించినప్పుడు నేను గరాజులోనే ఉన్నాను, తెర మీద చూస్తున్నాను. బోర్డు అడిగిన మొదటి ప్రశ్న: ఏ ప్రోటోకాల్ (ఫైలు పంపే పద్ధతి)? ఎక్స్‌మోడెమ్, వైమోడెమ్, జీమోడెమ్, కెర్మిట్? కర్సరు మెరుస్తోంది. పెద్దాయన లెక్కపెడుతున్నాడు. డాక్టరుగారు ‘ఎక్స్’ కొట్టారు, మొదట ఉందని. తర్వాత: జిప్పా, ఏఆర్‌జేనా, ఎల్‌హెచ్‌ఏనా? మళ్ళీ మెరుపు. తర్వాత: ఏ ఏరియాలు? అప్పుడు 60 ఏరియాల జాబితా నెమ్మదిగా కిందికి పారింది. తర్వాత: బులెటిన్లు కూడా కావాలా? కొత్త ఫైళ్ళ లిస్టు కావాలా? తొమ్మిది ప్రశ్నలు. తొమ్మిదోదాని దగ్గర లైను తెగింది. ఆయనే పెట్టేశారో, నిజంగానే తెగిందో తెలీదు. గరాజులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్ళకి సూదంత చోట కత్తి పెట్టే మనిషిని మేం ‘కెర్మిట్ కావాలా’ అని అడుగుతున్నాం.

రెండు వారాలు పట్టింది, కానీ ఆ తొమ్మిది ప్రశ్నల్నీ ఒక్క ‘ఎం’ అక్షరంలోకి దించాం. మూట. జీమోడెమ్, జిప్, మీరు కిందటిసారి ఎంచుకున్న ఏరియాలు. ఇది కాదు, ఇంకోలా కావాలనేవాడికి వేరే మెనూ ఉంది, అక్కడికి వెళ్ళి వాడిష్టం. జీమోడెమ్‌తో ఇంకో సుఖం, మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదట్నుంచి కాకుండా తెగిన చోటి నుంచి అందుకుంటుంది. డాక్టరుగారి ముప్పావుగంట ఏడు నిమిషాలైంది. ఆ ఏడులో ఇంకా అర్ధనిమిషం గోపురం! పైన చెప్పిన ఉత్తరం వచ్చింది అప్పుడే.

గోపురాన్ని తీసేశాను. మరీ బాధగా ఉండి ‘జి’ తర్వాత, వెళ్ళేటప్పుడు చూపిద్దామా అనుకున్నాను. పెద్దాయన అప్పుడూ మీటరు తిరుగుతూనే ఉంటుందిగా అన్నాడు.

అన్నిటికంటే నవ్వొచ్చేది కల్లు సంగతి. స్కిట్‌లో తెలుగు రాసే పద్ధతి ఆర్టీఎస్, హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసింది. దాంట్లో చిన్న ఇంగ్లీషు అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ఉంటుంది. చిన్న ‘టి’ అయితే త, పెద్దదైతే ట. చిన్న ‘ఎల్’ అయితే ల, పెద్దదైతే ళ. వారం రోజులు రాస్తే వేళ్ళకి అలవాటైపోయేది. కానీ మా బోర్డు ప్రోగ్రాంకి ఒక జబ్బుంది. సబ్జెక్టు లైను ఎవరు ఎలా కొట్టినా మొత్తం పెద్ద అక్షరాల్లోకి మార్చేసేది, నీటుగా ఉంటుందని కాబోలు. ఇంగ్లీషుకి నష్టం లేదు. మనకి ‘పాత పాటలు’ కాస్తా పాట పాటలో, పాత పాతలో దేవుడికే తెలియాలి.

డాక్టరుగారు ఒకసారి టెక్సస్, ఓక్లహామా దుమ్ముగాలులకి కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ళు ఏం చెయ్యాలో వివరంగా ఒక మంచి వ్యాసం రాశారు. సబ్జెక్టు ‘కళ్ళు’. మా బోర్డు దాన్ని పెద్ద అక్షరాలు చేసింది, నేను చూసుకోకుండా స్కిట్‌కి మోసుకెళ్ళి పోశాను. ళకీ లకీ తేడా పోయింది కదా, అక్కడ మనవాళ్ళు దాన్ని ‘కల్లు’ అని చదివారు. రెండు రోజుల తర్వాత ఫ్లాపీలో 12 జవాబులు వచ్చాయి. తాటికల్లు మంచిదా ఈతకల్లు మంచిదా అని ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. ఒకాయన కల్లు తాగితే నిజంగానే కళ్ళకి మంచిదని వాళ్ళ తాత చెప్పేవాడని రాశాడు. వ్యాసం తెరిచి చదివినట్టు దాఖలా ఒక్కదాంట్లోనూ లేదు. డాక్టరుగారు నాకు విడిగా రాశారు: “ప్రాక్టీసు మార్చుకోమంటావా బాబూ?”

ఆ ప్రోగ్రాం సోర్సు మా దగ్గర లేదు, మార్చడానికి కుదరదు. అందుకని నేనో చిన్న స్క్రిప్టు రాశాను. తెలుగు ఏరియాలో ఎవరైనా రాయడం మొదలుపెడితే మెసేజీ మొదటి లైనులో ‘విషయం’ అని ముందే పడి ఉంటుంది, అక్కడ వాళ్ళు ఆర్టీఎస్‌లో సరిగ్గా రాసుకుంటారు. మోసేటప్పుడు నేను ఆ లైనునే తీసి సబ్జెక్టుగా పెట్టేవాణ్ణి. అతుకులబొంతే. కానీ 25 అక్షరాల బెడద కూడా దాంతోనే పోయింది.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. ఫిడోనెట్ బోర్డులన్నీ రోజూ ఒక గంట మనుషుల్ని రానివ్వకుండా ఉత్తరాల మార్పిడికే అట్టేపెట్టాలి. జోన్ మెయిల్ అవర్ అంటారు. మాకు చలికాలం లెక్కన తెల్లవారుజాము 3 నుంచి 4. అప్పుడు ఫోను చేస్తే ఏ మాటా చెప్పకుండా పెట్టేసేది మా బోర్డు. ఎమర్జెన్సీ కేసు ముగించుకుని వచ్చి నిద్రపట్టక డాక్టరుగారు సరిగ్గా ఆ గంటలోనే చేసేవారట, మోడెమ్ పాడైందనుకుని కొత్తది కొనబోయారు. “ఇప్పుడు తపాలా కడుతున్నాం, 4 గంటలకి తలుపు తీస్తాం” అని ఒక్క లైను పెట్టాం, అంతే. ఆ లైను మాటలు పెద్దాయన సొంతంగా రాశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

1995 చివర్లో నేను ఇంటికొచ్చాను, సెలవులకి. ఆ ఆగస్టు 15నే ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ వాళ్ళు ఇండియాలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలెట్టారు. మా పిన్ని కొడుకు ఒక షెల్ అకౌంటు (అక్షరాలు మాత్రమే కనబడే ఇంటర్నెట్ కనెక్షను) సంపాదించి, నల్ల తెర మీద మెయిలు చదవడం నాకు నేర్పబోయాడు. వెళ్ళిపోవడానికి ‘క్యూ’ కొట్టాడు. పనిచేసింది. ఎందుకు నవ్వుతున్నావన్నయ్యా అన్నాడు, చెప్పినా అర్థమయ్యేది కాదు.

నేను తిరిగి వెళ్ళేసరికి డాక్టరుగారు 14,400 మోడెమ్ కొన్నారు. కొన్న రోజే మెసేజీ పెట్టారు, మొదటి లైనులో ‘విషయం’ దగ్గర: గోపురం మళ్ళీ పెట్టవూ? ఈ స్పీడులో దర్శనం నాలుగు సెకన్లేగా అని. పెడతానన్నాను. అప్పటికే సాయంత్రాలు గరాజులో రెండో లైను మోగడం మానేసింది, జనం వెబ్బులోకి తరలిపోతున్నారు. నాకు ఉద్యోగమొచ్చి ఊరు మారాను. ఆ ఏడాదే పెద్దాయన ఒక లైను కట్ చేయించాడు, తర్వాత రెండోది. నోట్‌బుక్ అడిగి తెచ్చుకోవాల్సింది. అడగలేదు. గోపురం కూడా పెట్టలేదు.

ఫ్లాపీలన్నీ ఎప్పుడో సీడీలోకి ఎక్కించి ఉంచాను. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే దొరికింది. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో టెల్‌నెట్ అనే పద్ధతి మీద బోర్డులు నడుపుతున్నవాళ్ళున్నారు, వాటికోసం సింక్‌టెర్మ్ అని ఒక ప్రోగ్రాం ఉంది. దాంట్లో గోపురం ఫైలు తెరిచాను. కన్ను మూసి తెరిచేలోగా మొత్తం వచ్చేసింది, చూసినట్టే లేదు. అందులో స్పీడు తగ్గించే సెట్టింగుంది. 2400 పెట్టి మళ్ళీ తెరిచాను.

పైనించి మొదలైంది. ముందు ఒక్కో కలశం. తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక్కో అంతస్తూ, మట్టిరంగు, నీడలో ముదురు ఎరుపు. మా ఆవిడ గుమ్మంలోంచి “ఏవిటది, ఇంత నెమ్మది?” అంది. కాసేపు ఆగు, అడుగున దీపం వస్తుంది అన్నాను.